వంకరముక్కు గుర్రపుపిల్ల

"ఏం చేస్తున్నావు?" అని ఎవరైనా అడిగితే, విసుగ్గా ఉన్నవాడు "గుడ్డిగుర్రానికి పళ్ళు తోముతున్నాను" అంటాడు. తెలుగువాళ్ళకు ఇంతకంటే పనికిమాలిన పని మరొకటి తోచినట్లు లేదు. గుర్రానికి పళ్ళు తోమడమే వింత. పైగా అది గుడ్డిది, అంటే బండికీ సవారీకీ కొరగానిది. ఎవరూ కొనని జంతువు నోటిని బాగుచేయడం ఎంత తెలివితక్కువ పనో ఆ మాట ఒక్క చురకతో చెప్పేస్తుంది.

సరిగ్గా అలాంటి పని చేసినవాళ్ళ చరిత్రను కొంతకాలంగా చదువుతున్నాను. నేను పశువైద్యుణ్ణి కాను, గుర్రం ఎక్కినవాణ్ణి అంతకన్నా కాను. ఒక పాత పశువైద్య పుస్తకంలో కనబడిన బొమ్మ నన్ను ఇటు లాగింది. పుట్టి కొద్దిరోజులైనా కాని గుర్రపుపిల్ల. కళ్ళ దాకా ముఖం చక్కగానే ఉంది. అక్కడినుంచి కిందికి పైదవడా ముక్కూ కలిసి ఒక పక్కకు కొడవలిలా వంగిపోయాయి. పై కొరుకుపళ్ళు కింది పళ్ళమీద కూర్చోక గాలిలో ఉన్నాయి.

ఈ లోపాన్ని పశువైద్యులు వంకరముక్కు అనే పిలుస్తారు. ఎందుకు వస్తుందో ఇప్పటికీ తేలలేదు. తల్లి కడుపులో పిల్ల ఒదిగి ఉండే తీరును అనుమానిస్తారు. గుర్రం దాదాపు పదకొండు నెలలు మోస్తుంది. పొడుగుకాళ్ళ పిల్ల అంత ఇరుకులో ముడుచుకుని ఉండాలి. వంపు కొద్దిగా ఉంటే పెరుగుదలతోపాటు కొంత సర్దుకుంటుంది. ఎక్కువగా ఉంటే మాత్రం అది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. గుర్రం మనలాగా నోటితో ఊపిరి తీసుకోలేదు. దాని గొంతు నిర్మాణమే అలాంటిది, గాలికి ముక్కు ఒక్కటే దారి. ముక్కు మెలితిరిగితే లోపలి దూలమూ మెలితిరిగి ఆ దారిని మూస్తుంది. పాలు తాగే రోజుల్లో ఎలాగో నెట్టుకొచ్చినా, గడ్డి కొరికే వయసు వచ్చేసరికి పళ్ళు కలవవు. పైగా గుర్రం పళ్ళు జీవితాంతం ఏటా రెండుమూడు మిల్లీమీటర్ల చొప్పున బయటికి వస్తూనే ఉంటాయి. ఎదురుగా అరగదీసే పన్ను లేకపోతే అవి పెరిగి అవతలి చిగురును గుచ్చుతాయి.

ఆ బొమ్మ చూడగానే నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఆమె గ్రహణం మొర్రితో పుట్టింది, పెదవీ అంగిలీ రెండూ చీలి ఉండేవి. ఆ లోపానికి మన భాష పెట్టిన పేరు చూడండి. పేరులోనే తీర్పు ఉంది: తల్లి గ్రహణం చూసింది, అందుకే బిడ్డ ఇలా పుట్టింది. మా నాయనమ్మ ఆ నేరాన్ని చనిపోయేదాకా మోసింది. మేనత్త పెళ్ళిఫొటోలన్నిటిలోనూ వెనకవరుసలోనే నిలబడింది, అవన్నీ పరుల పెళ్ళిళ్ళే. వంకరముఖాన్ని మనం మొదట శకునంగా చదువుతాం. ఎముకగా, కండగా చూడడం చాలా ఆలస్యంగా నేర్చుకున్నాం. మనుషుల విషయంలోనూ, గుర్రాల విషయంలోనూ జరిగింది ఇదే.

మన దేశంలో గుర్రాల శాస్త్రం చాలా పాతది. శాలిహోత్రుడి పేరుమీద ఒక సంప్రదాయమే ఉంది. నకులుడి పేర అశ్వచికిత్స, జయదత్తుడి అశ్వవైద్యకం సంస్కృతంలో ఉన్నాయి. మన తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసము వ్రాశాడు. ఆ పేరులోని 'లక్షణ' శబ్దం గమనించదగ్గది. ఈ శాస్త్రాలలో గుర్రం ఒంటిమీది సుడులు, రంగులు, పళ్ళు, అంగిలి అన్నీ యజమాని భవిష్యత్తును చెప్పే అక్షరాలు. అగ్నిపురాణంలోని అశ్వలక్షణ భాగంలో హీనదంతం, కరాళం, కృష్ణతాలువు వదిలేయవలసిన గుర్రాల పట్టికలో ఉన్నాయి. అంటే పళ్ళు తక్కువైనది, పళ్ళు వికారంగా బయటికి వచ్చినది, అంగిలి నల్లనిది అని అర్థం. వీటిలో మొదటి రెండూ నిజంగా మేతకు అడ్డువచ్చే లోపాలే. మూడోది ఒట్టి రంగు. శాస్త్రకారుడికి ఆ మూడూ ఒకే వరుసలోవి. నొప్పి, అశుభం వేరువేరని అతనికి తోచలేదు.

అయితే ఆ సంప్రదాయంలో చికిత్స లేదనుకుంటే పొరపాటు. జయదత్తుడి గ్రంథంలో లక్షణాలతోపాటు రోగాలకు మందులూ ఉన్నాయి. విరటుడి కొలువులో నకులుడు దామగ్రంథి అన్న పేరుతో చేరింది గుర్రాలను సాకడానికీ వాటికి వైద్యం చేయడానికే. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు చేశానని రెండవ శిలాశాసనంలో చెప్పుకున్నాడు. ఆ శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద ఈనాటికీ ఉంది. ఆ బండలమీద మనిషికీ పశువుకూ నడుమ ఒక్క మాట దూరమే ఉంది.

కాని దక్షిణాదిలో గుర్రం ఎప్పుడూ ఖరీదైన దిగుమతి సరుకు. 13వ శతాబ్దం చివర ఈ తీరానికి వచ్చిన మార్కో పోలో, పాండ్యదేశపు రాజులు ఏటా సముద్రం మీదుగా వేలకొద్దీ గుర్రాలు తెప్పించుకుంటారనీ, సరైన పోషణ తెలియక అవి చస్తాయనీ వ్రాశాడు. మేలుజాతి గుర్రాలను జతకట్టించినా ఇక్కడ పుట్టేది కాళ్ళు వంకరపోయిన పనికిరాని పిల్లే అని కూడా అన్నాడు. విజయనగరం గురించి వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, అక్కడి రాజు ఏటా 13,000 ఓర్ముజ్ గుర్రాలు కొనేవాడన్నాడు. అంతకుముందు సాళువ నరసింహుడు దారిలో చచ్చిన గుర్రానికి కూడా, తోక తెచ్చి చూపితే వెల ఇచ్చేవాడట. చచ్చిన గుర్రం తోకకు ధర పలికిన ఆ రోజుల్లో, బతికి ఉన్న వంకరపిల్లకు మాత్రం ఏ ధరా లేదు. దాన్ని ఏం చేసేవారో ఎవరూ వ్రాయలేదు. ఊహించడం కష్టం కాదు.

గుర్రం ముఖాన్ని శకునంగా కాక నిర్మాణంగా చూసి, ఆ ఎముకమీద ఆయుధం పెట్టిన తొలివాళ్ళలో నాకు నచ్చినవాడు ఫ్రాన్సు రాజుగారి గుర్రపుశాలలో పనిచేసిన ఎతియెన్ గియోమ్ లఫోస్. నాడాలు కొట్టే వృత్తినుంచి వచ్చినవాడు. ఆ కాలంలో గ్లాండర్స్ అనే రోగం గుర్రాల ముక్కులనుంచి చీము కార్చి సైన్యాలను తుడిచిపెట్టేది. అందరూ అది ఒళ్ళంతా చెడిన రక్తమని అంటుంటే, లఫోస్ చచ్చిన గుర్రాల తలలు కోసి చూశాడు. రోగం అసలు స్థానం ముక్కులోపలి పొర అని 1749లో వ్రాశాడు. బతికున్న గుర్రాల ముఖం ఎముకకు గుండ్రని రంధ్రం వేసి, ముక్కు పక్కనుండే గాలిగదులను కడిగే పద్ధతిని ప్రచారం చేశాడు.

అతని సిద్ధాంతం తప్పు. గ్లాండర్స్ సూక్ష్మజీవి వల్ల వచ్చే అంటురోగమని 1882లో తేలింది. ఎన్ని రంధ్రాలు వేసినా అది తగ్గేది కాదు. కాని గుర్రం ముఖం ఎముకను తెరవవచ్చు, తెరిచినా గుర్రం బతుకుతుంది, గాయం మానుతుంది అన్న సంగతి మాత్రం లోకానికి తెలిసింది. ఆ గాలిగదుల్లో చీము పడితే ఈనాటికీ పశువైద్యులు రంధ్రం వేసి కడుగుతారు. తప్పు కారణంతో మొదలై సరైన చోట నిలిచిపోయిన పద్ధతులు వైద్యచరిత్రలో ఎన్నో ఉన్నాయి, అందులో ఇది ఒకటి.

ఆ తరువాత 1761లో క్లోద్ బూర్జెలా ఫ్రాన్సులోని లియోన్‌లో పశువైద్య పాఠశాల స్థాపించాడు. 1791లో లండన్‌లో కళాశాల వచ్చింది. గుర్రం శరీరాన్ని పొర పొరగా గీసిన పుస్తకాలు వచ్చాయి. అయినా వంకరముక్కు పిల్లకు ఏ మేలూ జరగలేదు. ఎందుకంటే అడ్డు జ్ఞానం కాదు, నొప్పి. నాలుగైదు వందల కిలోల జంతువును తాళ్ళతో పడగొట్టి, పై పెదవిని తాడుతో మెలిపెట్టి పట్టుకుని, అది తన్నుకుంటుండగా చేయగలిగిన కోతలు కొన్నే. దవడ ఎముకను రంపంతో కోసి, తిప్పి, మళ్ళీ కూర్చే పని అలా సాధ్యం కాదు. ముక్కును బాగుచేయడానికి ముందు అదే ముక్కును తాడుతో నలిపే ఆ దృశ్యం ఊహించుకుంటే మనసు చివుక్కుమంటుంది.

1846 అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్ మత్తుతో మనిషికి శస్త్రచికిత్స జరిగింది. మరుసటి ఏడాదికల్లా యూరపులో గుర్రాలకూ ఈథర్ ఇచ్చి చూశారు. 1847లోనే క్లోరోఫాం వచ్చింది, తరువాతి దశాబ్దాల్లో క్లోరల్ హైడ్రేట్ వచ్చింది. కొన్ని శస్త్రచికిత్సల్లో జంతువుకు మత్తు తప్పనిసరి అని బ్రిటన్‌లో చట్టం రావడానికి మాత్రం 1919 దాకా పట్టింది. 1956లో మనుషులకు వాడకంలోకి వచ్చిన హాలోథేన్ తరువాత గుర్రాలకూ చేరి, గంటలకొద్దీ సాగే శస్త్రచికిత్సలకు వీలు కల్పించింది. అయినా గుర్రానికి మత్తు ఇప్పటికీ చిన్న విషయం కాదు. 40,000కు పైగా గుర్రాల లెక్కలు తీసి 2002లో ప్రకటించిన ఒక పెద్ద పరిశీలనలో, కడుపునొప్పి శస్త్రచికిత్సలను మినహాయించినా దాదాపు నూటికి ఒక గుర్రం చనిపోయినట్లు తేలింది. మత్తు దిగి లేచి నిలబడే ప్రయత్నంలో కాలు విరగ్గొట్టుకునే గుర్రాలూ ఉంటాయి. చిన్నపిల్లలను చేతులతో పట్టుకుని లేపవచ్చు కనుక ఆ గండం వాటికి కొంత తక్కువ.

ఈ నేపథ్యంలో 1978 ఒక మైలురాయి. అమెరికాలోని టెక్సస్ పశువైద్యులు ఒక మగపిల్ల వంకరముక్కును శస్త్రచికిత్సతో సరిచేసిన వైనాన్ని ఆ ఏడాది అమెరికా పశువైద్య సంఘం పత్రికలో ప్రచురించారు. ఈ తరహా చికిత్స సారాంశం వినడానికి సులువే. కొరుకుపళ్ళకూ దవడపళ్ళకూ మధ్య గుర్రానికి పళ్ళు లేని ఖాళీ ఒకటి ఉంటుంది, కళ్ళెపు ఇనుము నిలిచేది అక్కడే. పైదవడను ఆ చోట కోస్తారు. ముందుభాగాన్ని తిప్పి కింది పళ్ళకు ఎదురుగా నిలబెడతారు. ఉక్కు కడ్డీలు ముందునుంచి వెనక్కి దూర్చి బిగిస్తారు. తిప్పినప్పుడు ఒక పక్కన ఏర్పడే సందును ఆ పిల్ల పక్కటెముకనుంచే తీసిన ముక్కతో నింపుతారు. వంగిన ముక్కుదూలం గాలికి అడ్డు కనుక దాన్ని తొలగిస్తారు. పక్కటెముకల భాగాలతో మనిషి ముఖాన్ని పునర్నిర్మించే విద్య మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు పోగొట్టుకున్న సైనికుల వల్ల పెరిగింది. ఇంగ్లండులో హెరాల్డ్ గిలీస్ వంటివారు దాన్ని తీర్చిదిద్దారు. అదే యుద్ధంలో లక్షల గుర్రాలూ చచ్చాయి. ఆ విద్య గుర్రపుపిల్ల ముక్కు దాకా చేరడానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది.

వంకరముక్కుకు దగ్గరి బంధువు చిలుకనోరు. ఇందులో ముఖం పక్కకు వంగదు. పైదవడ పొడుగై కింది పళ్ళమీదుగా చిలుక ముక్కులా ముందుకు దిగుతుంది. దీనికి ఎముక కోయనక్కర లేదు, పిల్ల పెరుగుదలనే వాడుకుంటారు. పుట్టిన తొలి నెలల్లోనే పై కొరుకుపళ్ళను వెనక దవడపళ్ళకు ఉక్కుతీగతో రెండు పక్కలా కట్టేస్తారు. తీగ పైదవడ పెరుగుదలను నిగ్రహిస్తుంది, కింది దవడ తన దారిన పెరిగి దాన్ని అందుకుంటుంది. కొందరు పళ్ళ మధ్య ఒక పలక కూడా అమరుస్తారు. పెరుగుదల ఆగిపోయాక ఈ ఉపాయం పనిచేయదు. మనం కుర్రవాళ్ళను పిలిచే 'కిశోర' శబ్దానికి మొదటి అర్థం గుర్రపుపిల్ల. ఆ కైశోరం గడిచేలోపే ఈ పని అయిపోవాలి.

మరో దారి సైబీరియానుంచి వచ్చింది. కుర్గాన్ పట్టణంలో గవ్రీల్ ఇలిజారోవ్ అనే వైద్యుడు 1950లనుంచి విరిగిన, పొట్టిపడిన కాళ్ళకు ఒక చట్రం బిగించి చికిత్స చేసేవాడు. కోసిన ఎముక రెండు కొనలను రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మెల్లగా దూరం జరిపితే, ఆ సందులో కొత్త ఎముక పుడుతుందని అతను చూపాడు. 1973లో అమెరికాలో కుక్క దవడమీద ఈ పద్ధతిని పరీక్షించారు. 1992లో న్యూయార్క్‌లో జోసెఫ్ మెకార్తీ, దవడ ఎదగని పిల్లలకు దీన్ని వాడి ఫలితాలు ప్రకటించాడు. 2004లో స్పెయిన్ పశువైద్యులు ఇదే పద్ధతితో ఒక గుర్రం వంకరముక్కును సరిచేసిన సంగతి వ్రాశారు. మనిషి కాలునుంచి కుక్క దవడకు, అక్కడినుంచి పసిపిల్లల ముఖానికి, ఆ పైన గుర్రపుపిల్ల ముక్కుకు ఈ విద్య చేరింది. ఎర్రగుడి బండమీద పక్కపక్కన ఉన్న రెండు చికిత్సలూ ఇన్ని శతాబ్దాల తరువాత ఇలా ఒకదాని చేయి ఒకటి పట్టుకున్నాయి.

గుర్రపుపిల్లల్లోనూ అంగిలి చీలి పుట్టేవి ఉంటాయి. పాలు తాగగానే ముక్కుల్లోంచి కారతాయి, అదే మొదటి గుర్తు. పాలు ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. గుర్రం నోరు పొడుగు, ఇరుకు. అంగిలిని అందుకోవాలంటే కొన్నిసార్లు గడ్డం దగ్గర కింది దవడనే రెండుగా విడదీయాలి. ఇంత చేసినా కుట్లు ఊడిపోవడం మామూలే. ఈ చరిత్రలో విజయాలతోపాటు ఇలాంటి ఓటములూ చాలానే ఉన్నాయి.

ఇక అసలు ప్రశ్న. గుర్రం నేటికీ వెలగల జంతువే. పందెం గుర్రమైతే మరీను. వంకర సరిచేసిన పిల్లను, పుట్టుకతోనే చక్కగా ఉన్నదని చెప్పి అమ్మితే? చిలుకనోరు వంశంలో దిగుతుందన్న అనుమానం ఉన్నప్పుడు, తీగలు విప్పేసి ఆ గుర్రాన్ని సంతానానికి వాడితే? అప్పుడు శస్త్రచికిత్స వైద్యం కాదు, ముసుగు. అమెరికా పశువైద్య సంఘం తన నీతినియమాల్లో ఈ సంగతి స్పష్టంగా వ్రాసుకుంది. ప్రదర్శనకో, పందేనికో, సంతానానికో, అమ్మకానికో ఉద్దేశించిన జంతువుల్లో వంశపారంపర్య లోపాన్ని దాచడానికి చేసే శస్త్రచికిత్స అనైతికం. ఆ జంతువు ఆరోగ్యం కోసం తప్పనిసరైతే చేయవచ్చు, కాని దానికి ఇక సంతానం కలగకుండా చేయడం మంచిది. ఇదీ ఆ నియమం సారాంశం.

మొదట చదివినప్పుడు ఇది నాకు కటువుగా తోచింది. అశ్వశాస్త్రం 'విడిచిపెట్టు' అన్న మాటనే వీళ్ళు తెల్లకోటు వేసుకుని చెబుతున్నారా అనిపించింది. మళ్ళీ చదివితే తేడా తెలిసింది. పాత పట్టిక అడిగింది 'ఈ ముఖం వల్ల యజమానికి ఏమవుతుంది?' అని. ఈ నియమం అడిగేది 'ఈ కోత ఎవరి కోసం?' అని. కొనేవాడి కంటి కోసమైతే వద్దు, పిల్ల ఊపిరి కోసమైతే సరే. రెండువేల ఏళ్ళ చరిత్రలో కత్తికంటే, మత్తుకంటే ఆలస్యంగా వచ్చింది ఈ ప్రశ్నే అని నాకు అనిపిస్తుంది.

మా మేనత్తకు నలభై దాటాక, ఒక ఉచిత శిబిరంలో పెదవికీ అంగిలికీ శస్త్రచికిత్స జరిగింది. కట్లు విప్పిన కొన్నాళ్ళకు చూడబోయాను. అద్దం తెచ్చి ఇవ్వబోతే పక్కన పెట్టేసి, చెంబెత్తి నీళ్ళు తాగింది. "చూశావుట్రా, ముక్కులోంచి రావట్లేదు" అంది. ఇంకోసారి తాగి చూపించింది. ఆమె ముఖం ఎంత మారిందో చూద్దామని వెళ్ళినవాణ్ణి నేను. నలభై ఏళ్ళుగా ఆమెకు కావలసింది ఏమిటో మా ఇంట్లో ఒక్కరమూ అడగలేదని ఆ రోజు తెలిసింది.

పందెం గెలవని, అమ్ముడుపోని, పిల్లల్ని కనని ఒక గుర్రం, రెండు ముక్కురంధ్రాలతోనూ గాలి పీల్చుకుంటూ ఎక్కడో గడ్డి మేస్తూ ఉంటుంది. దానికోసం ఎవరో కొన్ని గంటలు వంగి నిలబడి ఎముకలు కూర్చారు. గుడ్డిగుర్రానికి పళ్ళు తోమడం అంటే ఇదే అయితే, ఇకమీదట ఆ మాటను ఎవరినీ వెక్కిరించడానికి వాడలేను.

మీ ఊళ్ళలో జట్కాబళ్ళు నడిపినవాళ్ళ ఇళ్ళలో గుర్రాల వైద్యం గురించి, వాటి పళ్ళూ సుడులూ చూసే పద్ధతుల గురించి పాతమాటలు ఏమైనా మిగిలి ఉంటే వ్రాయగలరు. అవి తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.